మూత రాని ఫోన్లు: బ్యాటరీ ఎప్పుడు, ఎలా చేజారింది?

భీమవరంలో గానీ అమలాపురంలో గానీ ఏ సెల్ షాపు ముందు కాసేపు నిలబడినా ఒక ప్రశ్న చెవిన పడుతుంది. "బ్యాటరీ మారిస్తే సరిపోద్దాండి, కొత్త ఫోనే కొనుక్కోవాలా?" ఒకప్పుడు ఈ ప్రశ్నకి చోటే లేదు. వెనక మూత గోటితో లేపి, పాత బ్యాటరీ తీసి కొత్తది పెట్టుకునేవాళ్లం. తీసేసినది ఇంట్లో ఎఫ్ఎం రేడియోలోకి వెళ్లేది. ఇప్పుడు ఆ పనికే కుర్రాడు ఫోన్ని హీటర్ ప్లేటు మీద పెట్టి జిగురు మెత్తబడేదాకా ఆగి, పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి అద్దాన్ని ఒక్కో అంచూ లేపాలి. "గ్లాసు పగిలితే మాకు సంబంధం లేదండీ" అని ముందే చెప్పేస్తాడు. బ్యాటరీ మార్చి, మళ్లీ గమ్ము పూసి, చుట్టూ రబ్బరు బ్యాండ్లు బిగించి "సాయంత్రం రండి" అంటాడు.

ఫోన్లకి మూత ఎందుకు పోయిందంటే జనం రెండు జవాబులు చెబుతారు. నీళ్లు పోకుండా ఉండటానికని కొందరు, రెండేళ్లకోసారి కొత్తది కొనిపించడానికని కొందరు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, అసలు కథ మాత్రం కాస్త చుట్టుతిరుగుడు.

నోకియా 1100 వచ్చింది 2003లో. దుమ్ము దూరని కీప్యాడ్, పైన టార్చి లైటు. ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆ ఫోను పొలం గట్ల మీద తిరిగేవాళ్లకే చేసినట్టుండేది. అందులో ఉండేది బీఎల్-5సీ బ్యాటరీ. అదే బ్యాటరీ ఇంకా చాలా మోడళ్లలో పట్టేది కాబట్టి కిళ్లీ కొట్లో కూడా దొరికేది, అసలుదో నకిలీదో తర్వాత సంగతి. బ్యాటరీని విడిగా క్లిప్పులో బిగించి ఛార్జింగ్ పెట్టే చిన్న ఛార్జర్లు కూడా అమ్మేవాళ్లు. గోదావరి పొంగి లంకల్లో కరెంటు తీసేస్తే, జనరేటర్ ఉన్న చోటికి ఫోను పంపక్కర్లేదు, బ్యాటరీ ఒక్కటి పంపితే చాలు. రొయ్యల చెరువుల దగ్గరా ఇదే అవసరం. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే కాపలా మనిషి యజమానిని లేపాలి, జనరేటర్ వేయించాలి. అప్పుడు ఫోను చచ్చి ఉంటే పంట పోయినట్టే. జేబులో రెండో బ్యాటరీ ఉంటే టెన్షన్ లేదు.

అసలు మలుపు 2007లో. ఆ ఆగస్టులో నోకియా ఒక హెచ్చరిక ఇచ్చింది. 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా మత్సుషిత కంపెనీ తయారుచేసిన బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కే ప్రమాదం ఉందని చెప్పింది. లెక్క 4.6 కోట్ల బ్యాటరీలు. మన దేశంలో జనం బాగానే హడలిపోయారు. మూత తీసి, బ్యాటరీ వెనక ఉన్న 26 అక్షరాల నంబరు చూసుకోవడమే పని. అయితే ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఇంత పెద్ద లోపానికి విరుగుడు బ్యాటరీ మార్చడం ఒక్కటే. ఫోను ఎవరి చేతిలోది వాళ్ల చేతిలోనే ఉంది.

దానికి నెలన్నర ముందు, జూన్ ఆఖర్లో, అమెరికాలో మొదటి ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. దానికి వెనక మూత లేదు. బ్యాటరీ మార్చాలంటే ఫోన్నే కంపెనీకి పంపి 79 డాలర్లు కట్టాలి. అప్పట్లో చాలామంది నవ్వారు. 2016 వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు కాలిపోతుంటే కంపెనీ మొదట దాదాపు 25 లక్షల ఫోన్లనే వెనక్కి పిలవాల్సి వచ్చింది. బదులిచ్చినవీ కాలడంతో మోడల్నే ఆపేసింది. బ్యాటరీ ఒక్కటి పీకి ఇచ్చే దారి అప్పటికి మూసుకుపోయింది మరి.

ఇక నీళ్ల వాదన. దాన్ని తేల్చాలంటే వరసగా వచ్చిన రెండు ఫోన్లు చూస్తే చాలు. 2014లో గెలాక్సీ ఎస్5కి చేత్తో తీసే మూత ఉంది, మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునే ఐపీ67 రేటింగూ ఉంది. మూత లోపల చుట్టూ రబ్బరు అంచు, అంతే కిటుకు. దాన్ని చూసి ప్లాస్టిక్ ఫోనని వెక్కిరించినవాళ్లు బోలెడు. మరుసటి ఏడాది ఎస్6 అద్దం, లోహంతో మెరుస్తూ వచ్చింది. మూత లేదు, నీళ్ల రేటింగూ లేదు! అంటే మొదట మూత పోయింది అందం కోసం. నీళ్ల సంగతి తర్వాతి ఏడాది ఎస్7తో గానీ తిరిగి రాలేదు.

తక్కువ ధర ఫోన్లలోనూ అదే జరిగింది. 2014లో రెడ్‌మీ 1ఎస్ 5,999 రూపాయలకి వచ్చినప్పుడు మూత తీసి 2,000 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ మార్చుకోవచ్చు. 2016లో వచ్చిన రెడ్‌మీ నోట్ 3కి మెటల్ బాడీ, 4,000 ఎంఏహెచ్ బ్యాటరీ, మూత మాత్రం లేదు. "మెటల్ బాడీ ఉందా?" అని అడిగి మరీ కొన్నది మనమే. నింద మొత్తం కంపెనీల మీదికి తోసేయడం నాకైతే సబబుగా అనిపించదు.

లోపల ఇంజినీరింగ్ కారణమూ ఒకటుంది. చేత్తో తీసే బ్యాటరీకి గట్టి పెంకు కావాలి, అది కూర్చునే అర కావాలి, స్ప్రింగు పిన్నులు కావాలి. వీటికే కొంత చోటు పోతుంది. అతికించేసే బ్యాటరీకి పల్చటి రేకు పొర చాలు, మిగిలిన చోటంతా ఛార్జికే. రెండో బ్యాటరీ అవసరం చాలామందికి తప్పించింది కూడా ఈ పెద్ద బ్యాటరీలే.

కానీ లిథియం బ్యాటరీ ఎంత పెద్దదైనా అరుగుతుంది. కొన్ని వందల సార్లు ఛార్జింగ్ అయ్యాక పట్టు తగ్గుతుంది, వేడికి ఇంకా త్వరగా. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లని సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదింపజేస్తున్నట్టు 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 2018లో 29కే చేసింది. ఫోను ముసలిదైందనుకున్న చాలామందికి ముసలిదైంది బ్యాటరీయేనని అప్పుడు తెలిసింది.

మన డెల్టాలో నీళ్ల రేటింగ్ మీద మరీ నమ్మకం పెట్టుకోవడం కూడా మంచిది కాదు. ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారు. మన రొయ్యల చెరువుల్లో చాలావాటివి ఉప్పునీళ్లు, అంతర్వేది దగ్గర సముద్రం సంగతి చెప్పక్కర్లేదు. పైగా లోపల ఒక చిన్న తెల్ల స్టిక్కరు ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది. అది ఎర్రబడితే మామూలుగా వారంటీ వర్తించదు. బ్యాటరీ కోసం ఒకసారి విప్పి అతికించిన ఫోనుకి పాత బిగువు ఉంటుందన్న హామీ లేదు.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకి కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. మోడల్ అమ్మకం ఆగాక కూడా ఏడేళ్లపాటు విడిభాగాలు దొరకాలి. బ్యాటరీ కొన్నవాళ్లే మార్చుకునేలా ఉండాలి. 1,000 సార్లు ఛార్జింగ్ చేశాక కూడా 80 శాతం పట్టు మిగిలి, నీళ్లకి తట్టుకునే ఫోన్లకి ఇందులో మినహాయింపు ఉంది. పెద్ద కంపెనీలు ఆ సందులోంచే వెళ్తాయని నా అనుమానం. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రిపేరు హక్కు పోర్టల్ (వస్తువుల రిపేరు సమాచారం ఇచ్చే వెబ్‌సైటు) తెరిచింది. ఆ తర్వాత వేసిన కమిటీ 2025 మేలో, రిపేరుకి ఎంత అనువుగా ఉందో చూసి ఫోన్లకి మార్కులివ్వాలని సిఫార్సు చేసింది. విప్పడం ఎంత కష్టం, భాగాలు దొరుకుతాయా, ధర ఎంత అన్నవి అందులో లెక్కకొస్తాయి.

ఆ లెక్కలో దూరం కూడా చేర్చాలి. లంక ఊరి మనిషి అసలు బ్యాటరీ కోసం రేవు దాటి, బస్సెక్కి రాజమండ్రో కాకినాడో వెళ్తే ఆ రోజు కూలి పోయినట్టే. రాజోలు సెంటర్లోని షాపుకి కంపెనీ బ్యాటరీ నేరుగా, బయట రాసిన ధరకి అమ్మితే, మూత ఉన్నా లేకపోయినా సగం గొడవ తీరుతుంది.