ఏడాదికా, కారు అడిగినప్పుడా: డీజిల్ కారు ఆయిల్ తగాదా ఎక్కడ మొదలైంది

"పన్నెండు నెలలు నిండాయి సార్, బండి సర్వీసుకు తీసుకురండి" అని ఫోన్ వస్తుంది. బండి తిరిగింది ఆరు వేల కిలోమీటర్లే. ఇంకో నాలుగు వేలు తిరిగాక వస్తానంటే అవతలివాళ్లు వారంటీ మాట ఎత్తుతారు. అనంతపురంలో డీజిల్ కారున్న ఇళ్లలో ఈ గొడవ కొత్తదేమీ కాదు. కాకపోతే ఈసారి ఒక కొత్త వాదనతో రాజుకుంది: "యూరప్‌లో ఇలాంటి ఇంజిన్లకే రెండేళ్ల దాకా ఆయిల్ మార్చరు. ఎప్పుడు మార్చాలో కారే చెబుతుంది. డీజిల్ ఇప్పుడు అక్కడా ఇక్కడా ఒకటేనాయె, మనకు మాత్రం ఏడాది గడువెందుకు?"

ప్రశ్న న్యాయమైనదే. ఇంజిన్‌కు ఆయిల్ ఎందుకు, పాతబడితే ఏమవుతుంది అన్నది అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాన్ని వదిలేద్దాం. అంబాసిడర్ల కాలం కూడా ఇక్కడ అక్కర్లేదు. తెలుసుకోవలసింది 2000 ప్రాంతంలో జర్మనీలో ఏం జరిగిందన్నది.

ఆయిల్ ఎప్పుడు మార్చాలో కారే చెప్పడం అంతకుముందే ఉంది. 1980ల మొదట్లో బీఎండబ్ల్యూ కార్ల మీటరు పక్కన పచ్చ దీపాల వరుస ఉండేది. వాడకాన్ని బట్టి అవి ఒక్కొక్కటిగా తగ్గిపోయి, పసుపు వెలిగి, చివరికి ఎరుపు వెలిగేది. ఫోక్స్‌వ్యాగన్ 2000 ప్రాంతంలో చేసింది అంతకంటే పెద్ద పని. 'లాంగ్‌లైఫ్' పేరుతో సర్వీసు గడువునే సాగదీసింది. దానికోసం ప్రత్యేకమైన ఆయిల్ ప్రమాణాలు పెట్టింది. పెట్రోలు కారుకు 30 వేల కిలోమీటర్లు, కొన్ని డీజిల్ కార్లకు 50 వేల దాకా, ఏదైనా రెండేళ్లకు మించకుండా. ఆయిల్ వేడి, తిరిగిన దూరం, కాలిన డీజిల్, ఇలాంటివి లెక్కగట్టి ఇంకెన్ని రోజులు, ఇంకెన్ని కిలోమీటర్లు అన్నది కంప్యూటరే తేలుస్తుంది. అదే కారును కావాలంటే మామూలు పద్ధతిలోనూ పెట్టించుకోవచ్చు: 15 వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. మెకానిక్ కంప్యూటర్ తగిలించి సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. ఇంజిన్ అదే, మారేది ఆయిల్ రకమూ గడువూ మాత్రమే.

ఈ ఏర్పాటు ఎవరికి పనికొస్తుందో చూస్తే మిగతా కథంతా అర్థమవుతుందని నా అభిప్రాయం. యూరప్‌లో కొత్త డీజిల్ కార్లు చాలానే కంపెనీల పేరు మీద, లీజు మీద రోడ్డెక్కేవి. ఉద్యోగి మూడేళ్లు తిప్పుతాడు, తిరిగి ఇచ్చేస్తాడు. ఆ మూడేళ్లలో సర్వీసు ఎన్ని తక్కువైతే కంపెనీకి అంత లాభం. బండి ఒకరోజు షెడ్డులో ఉంటే ఒకరోజు పని ఆగుతుంది. పైగా ఆ బండ్లు ఎక్కువగా హైవే మీదే, వేడెక్కిన ఇంజిన్‌తో, ఒకే వేగంతో వెళ్తాయి. ఆయిల్‌కు అంతకంటే సుఖమైన జీవితం లేదు. మూడేళ్ల తర్వాత ఆ ఇంజిన్ ఎలా ఉంటుందన్నది రెండో యజమాని టెన్షన్.

లెక్క చిన్నదే. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన కారు 30 వేలకోసారి ఆయిల్ మార్పించుకుంటే నాలుగుసార్లు. 15 వేలకోసారి అయితే ఎనిమిదిసార్లు. 10 వేలకోసారి అయితే పన్నెండుసార్లు. మొదటి యజమానికి ఈ తేడా బిల్లుల్లో కనిపిస్తుంది. రెండో యజమానికి ఇంజిన్‌లోనే కనిపిస్తుంది.

ఆ 50 వేల అంకె కూడా నిలవలేదు. ఆ రోజుల్లో ఫోక్స్‌వ్యాగన్, స్కోడా డీజిల్ ఇంజిన్లలో డీజిల్‌ను సిలిండర్‌లోకి కొట్టే పంపు ఒక్కో సిలిండర్‌కు ఒక్కోటి ఉండేది. దాన్ని నొక్కేది ఇంజిన్ వాల్వులను తెరిచే ఇరుసు, క్యామ్ షాఫ్టే. 2,000 బార్‌కు పైబడిన పీడనం పుట్టించే భారమంతా ఆ సన్నటి క్యామ్ అంచు మీదే పడేది. దానికని మళ్లీ వేరే ఆయిల్ ప్రమాణం రాయాల్సి వచ్చింది. ఇదే తరహా ఇంజిన్‌తో 2005లో స్కోడా లారా మన దేశానికి వచ్చింది. కానీ ఇక్కడ సర్వీసు పుస్తకంలో లాంగ్‌లైఫ్ లేదు. 15 వేలు లేదా ఏడాది, అంతే. యూరప్‌లోనూ తర్వాత డీజిల్ గరిష్ఠ గడువు 30 వేలకు దిగింది. రెండేళ్ల పరిమితి మాత్రం ఉంది.

మనకెందుకు ఇవ్వలేదంటే కారణాలు నాలుగైదు చెప్పొచ్చు. పెద్దది మాత్రం డీజిల్‌లోని గంధకం. అది మండితే వచ్చే వాయువు తేమతో కలిసి ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లాన్ని విరిచేందుకు ఆయిల్‌లో క్షారగుణమున్న రసాయనాలు కలుపుతారు. గంధకం ఎక్కువైతే ఆ రసాయనాలు తొందరగా ఖర్చయిపోతాయి. 2000లో యూరప్ డీజిల్‌లో గంధకం పరిమితి కిలోకు 350 మిల్లీగ్రాములు. అదే ఏడాది మన దేశంలో 2,500. లారా వచ్చిన 2005 నాటికి అనంతపురం లాంటి ఊళ్లలో 500. 2010లో గానీ మనం 350కి రాలేదు, అప్పటికి యూరప్ 10కి దిగిపోయింది. అదే 2010లో బెంగళూరు, హైదరాబాద్ సహా 13 నగరాలకు మాత్రం 50 మిల్లీగ్రాముల బీఎస్-4 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణాల్లో నాలుగోది) డీజిల్ ఇచ్చారు. అందుకే కొన్నేళ్లపాటు ఒకే బండి అనంతపురంలో ఒక రకం డీజిల్, బెంగళూరు వెళ్తే ఇంకో రకం తాగింది. అలాంటి చోట కంప్యూటర్ లెక్కకు విలువేముంది? ట్యాంకులో ఏం పడిందో దానికి తెలియదు. తయారీదారులు అధ్వానమైన డీజిల్‌ను దృష్టిలో పెట్టుకుని ఒక అంకె రాసేశారు, అంతే.

2017 ఏప్రిల్‌లో బీఎస్-4 దేశమంతా వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6తో గంధకం 10 మిల్లీగ్రాములకు దిగింది. కాబట్టి 'డీజిల్ ఇప్పుడు ఒకటే' అనేవాళ్ల మాట అక్షరాలా నిజం. గడువు పెంచమనేవాళ్ల చేతిలో ఉన్న గట్టి ఆధారం ఇదొక్కటే.

ఆ 2020లోనే వాదన తిరగబడే పని ఇంకోటి జరిగింది. బీఎస్-6 డీజిల్ కార్లకు సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ వచ్చింది, డీపీఎఫ్ అంటారు. ఆయిల్‌లో బూడిదనిచ్చే రసాయనాలు ఎక్కువైతే అది పూడిపోతుంది. అందుకని దానికోసం చేసిన ఆయిల్‌లో వాటిని తగ్గించారు. ఆమ్లాన్ని విరిచేవి కూడా చాలావరకు ఆ రసాయనాలే. గంధకం తగ్గి మిగిలిన లాభంలో కొంత ఇటు పోయింది.

ఇంకా ముఖ్యమైంది మసిని కాల్చే పద్ధతి. ఫిల్టర్ నిండినప్పుడు దాన్ని 600 డిగ్రీల దాకా వేడి చేయాలి. అందుకు చాలా ఇంజిన్లు సిలిండర్‌లోకి ఆలస్యంగా ఇంకొంచెం డీజిల్ కొడతాయి. అదంతా మండదు. కొంత సిలిండర్ గోడల వెంట కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. హైవే మీద వెళ్లే బండికి ఇబ్బంది లేదు, కాల్చే పని ఒకేసారి పూర్తవుతుంది, ఆయిల్ వేడికి కలిసిన డీజిల్ కూడా కొంత ఆవిరవుతుంది. ఊళ్లో తిరిగే బండికి మధ్యలోనే ఇంజిన్ ఆపేస్తారు. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ మొదటి నుంచి.

అనంతపురంలో దీన్ని కళ్లతో చూడొచ్చు. ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు రామ్‌నగర్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా, అక్కడి నుంచి కూరగాయలకు, మళ్లీ ఇంటికి తిప్పుతారు. ఏడాది దాటి రెండు నెలలైనా కారు 5,800 కిలోమీటర్లే తిరిగింది. ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీని, అదే డిప్‌స్టిక్‌ను, గుడ్డతో తుడిచి ముంచి తీశారు. "చూడప్పా, చుక్క కూడా తగ్గలేదు. దీనికేంటికి మార్చాల?" అన్నారు. మెకానిక్ డిప్‌స్టిక్ తీసుకుని ఎండలో పట్టుకున్నాడు. ఆయిల్ పై గీత దాటి ఇంకో అర అంగుళం పైకి ఉంది. "తగ్గకపోవడం కాదు సార్, పెరిగుండాది. ఎవరు పోసినారు?" ఎవరూ పోయలేదు. అతను వేలికి కాస్త రాసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ వేలినే లెక్చరర్ గారి ముందు పెట్టాడు. డీజిల్ వాసన గుప్పుమంది.

రెండో వైపు వాదన కూడా చెప్పాలి. ఇదే ఊళ్లో ట్రావెల్స్ బండ్లున్నాయి. అర్ధరాత్రి బయలుదేరి బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయానికి వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చే బండ్లు. నెలకు ఏడెనిమిది వేల కిలోమీటర్లు, అంతా 44వ నంబరు హైవే మీదే. కారే గడువు చెప్పే పద్ధతి ఎవరికైనా పనికొస్తుందంటే వీళ్లకే. తమాషా ఏమిటంటే వీళ్లు అడగరు. 10 వేలు కాగానే ఆయిల్ మార్పించేస్తారు, సిలిండర్లు అరిగి ఇంజిన్ బోరింగుకొస్తే ఎన్నాళ్లు కిరాయి పోతుందో వాళ్లకు తెలుసు. గడువు పెంచమని గట్టిగా అడిగేది ఏడాదికి ఐదారు వేలు తిప్పేవాళ్లే. కారు చెప్పే పద్ధతి వాళ్లకు నిజంగా పెడితే, నిజాయితీగా లెక్కగట్టే కంప్యూటర్ ఇంకా ముందే పిలుస్తుంది. యూరప్‌లోనూ ఊళ్లో చిన్న దూరాలు తిప్పేవాళ్లకు 15 వేలు లేదా ఏడాది పద్ధతే మంచిదని చెప్పేది అందుకే. ఈ సగం మాత్రం మన తగాదాలో ఎవరూ ఎత్తరు.

దుమ్ము సంగతి వేరే. గ్రానైట్ లారీల వెనక, ఎర్రమట్టి రోడ్ల మీద, వేసవిలో 42 డిగ్రీల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికి పోయేది కొంత ఉంటుంది. అది ఆయిల్‌లో చేరితే ఇసుక కాగితంలా పనిచేస్తుంది. కంప్యూటర్ వేడిని లెక్కపెడుతుంది, ఈ దుమ్మును లెక్కపెట్టదు. సర్వీసు పుస్తకం వెనక పేజీల్లో 'కఠిన పరిస్థితుల్లో' అని ఇంకో పట్టిక చాలా కార్లకు ఉంటుంది: దుమ్ము రోడ్లు, చిన్న చిన్న దూరాలు, గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లో ఉంచడం. వీటిలో ఏదున్నా గడువు ఇంకా తగ్గించమంటుంది. ఆ పేజీ తెరిచినవాళ్లు మా ఊళ్లో తక్కువ. తెరిస్తే ఏడాది గడువు మీద గొడవ పెట్టుకునే ధైర్యం ఉండదు.

వారంటీ తగాదా కూడా ఇక్కడే ముడిపడింది. 'ఏది ముందైతే అది' అన్న మూడు మాటల్లో జనం కిలోమీటర్లనే చదువుతారు, నెలలను వదిలేస్తారు. సర్వీసు సెంటర్లు అచ్చంగా దానికి ఎదురు. సర్వీసు రెండు నెలలు ఆలస్యమైతే, పాడైన టర్బోకు (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే భాగానికి) దానితో సంబంధం ఉన్నా లేకున్నా ముందు ఆ తేదీనే చూపిస్తాయి. ఇది అన్యాయమే. ఆలస్యానికీ పాడైన భాగానికీ సంబంధం ఏమిటో చెప్పమని అడిగే హక్కు యజమానికి ఉండాలి. కానీ ఆ హక్కు కోసం అడిగేవాళ్లు ఏడాది గడువే మోసమని వాదించడంతో అసలు పాయింటు పక్కకు పోయింది.

సెకండ్‌హ్యాండ్ బజారు వల్ల ఇది ఇంకా ముదిరింది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. అక్కడి బండ్లు చవగ్గా దక్షిణాదికి దిగాయి. 2020లో మారుతి, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ ఇక్కడ డీజిల్ కార్లు మానేశాయి, పాత డీజిల్‌కు గిరాకీ పెరిగింది. బెంగళూరులో కంపెనీ పేరు మీద తిరిగిన బండిని అనంతపురంలో కొనేవాడు ఇప్పుడు, జర్మనీ లీజు కథలో రెండో యజమాని ఉన్న చోటే ఉన్నాడు. మీటరు మీద కిలోమీటర్లు చూస్తాడు. ఆయిల్ ఎన్నిసార్లు మారిందో అడగడు. అడిగినా 'టైముకు చేయించాం సార్' అంటారు. ఎవరి టైము?

లెక్చరర్ గారి కారు కింద ట్రే పెట్టి నట్టు విప్పారు. ఆయిల్ చిక్కగా జారాల్సింది పోయి, నల్లటి నీళ్లలా దూకింది. ఆయన కాసేపు చూసి, "హైవే మీద తిప్పమంటావా అయితే?" అన్నారు. "వారానికోసారి గుత్తి దాకా పోయి రండి సార్, ఫిల్టర్‌కు మంచిది. ఆయిల్ మాత్రం ఏడాదికే" అన్నాడు అతను. కొత్త ఆయిల్ పోశాక డోరు పక్కన అంటించే కార్డు తీసి, తర్వాతి సర్వీసు దగ్గర కిలోమీటర్ల గడి ఖాళీగా వదిలేసి తేదీ ఒక్కటే రాశాడు.