నీలికప్పు ఇల్లు: నార్డిక్ దేశాలు సినిమాలూ కచేరీలూ కలిసి ఎందుకు పెడతాయి?

1964 మార్చిలో ఐస్‌లాండ్‌లో అరవై మంది పెద్దలు తమ పార్లమెంటుకు ఒక అర్జీ పెట్టారు. అందరూ దేశంలో పేరున్నవాళ్లే. వాళ్లు అడిగింది ఒకటే: కెఫ్లావిక్‌లోని అమెరికా సైనిక స్థావరం నుంచి వస్తున్న టీవీ ప్రసారాలను ఆ స్థావరం కంచె దాటనివ్వకండి. దేశ జనాభా అప్పటికి రెండు లక్షల లోపే. సొంత టీవీ లేదు. సైనికుల కాలక్షేపం కోసం 1955లో మొదలైన ఆ చానల్‌ను రాజధాని రేక్యవిక్‌లో జనం సెట్లు కొనుక్కుని, ఇంటి కప్పుల మీద యాంటెన్నాలు కట్టుకుని మరీ చూస్తున్నారు. పిల్లలు ఇంగ్లీషులో కౌబాయ్ కథలు చూస్తూ పెరిగితే వెయ్యేళ్ల నాటి మన భాష ఏమవుతుందన్నది అర్జీదారుల దిగులు. చూసేవాళ్లకు ఆ దిగులేమీ లేదు, చానల్ పోతుందేమోనన్న బెంగ తప్ప.

ఐస్‌లాండ్ సొంత టీవీ 1966 సెప్టెంబరు 30న మొదలైంది. అమెరికా చానల్ 1974లో గానీ స్థావరానికి పరిమితం కాలేదు. (సొంత టీవీకి 1987 వరకు ప్రతి గురువారం సెలవు. 1983 వరకు జూలై నెలంతా సెలవే. ఇప్పుడు చెబితే నమ్మరు.)

ఈ గొడవ నడుస్తున్న రోజుల్లోనే రేక్యవిక్‌లో ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయం పక్కన, వాట్న్స్‌మిరి అనే చిత్తడి నేలలో ఒక భవనం లేస్తోంది. దాని పేరు నార్డిక్ హౌస్. ఫిన్లాండ్ వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో గీసిన నమూనా. తెల్లటి గోడలు, వాటి మీద దూరపు కొండల వరసను తలపించే నీలి పెంకుల కప్పు. లోపల కుర్చీలు, దీపాలు కూడా ఆయనవే. ఒక గ్రంథాలయం, చిన్న సభామందిరం, కింద ప్రదర్శనశాల, కాఫీ తాగడానికో చోటు. 1968 ఆగస్టు 24న తలుపులు తెరిచారు. డబ్బు ఐదు దేశాలదీ: డెన్మార్క్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, నార్వే, స్వీడన్.

టీవీ గొడవ వల్లనే ఈ ఇల్లు వచ్చిందని చెప్పను. ప్రతిపాదన వెనుక ఐస్‌లాండ్ నార్డిక్ సంఘం ఉంది. స్కాండినేవియా దేశాల్లో 1919లో, ఐస్‌లాండ్‌లో 1922లో, ఫిన్లాండ్‌లో 1924లో పుట్టిన ఈ పౌరసంఘాలు ఇరుగుపొరుగు స్నేహం కోసం ఎప్పటినుంచో పనిచేస్తున్నాయి. అయినా రెండింటి వెనుకా వీచింది ఒకే గాలి. 1944లో డెన్మార్క్ నుంచి విడిపోయి, 1949లో నాటోలో చేరి, 1951 నుంచి అమెరికా సైన్యానికి చోటిచ్చిన ఈ ద్వీపం మెల్లగా పడమటికి జారిపోతోందన్న భయం తూర్పున ఉన్న బంధువులకు ఉండేది. కొత్త ఇంటిని కోపెన్‌హాగన్‌లోనో స్టాక్‌హోంలోనో కాకుండా అందరికన్నా దూరంగా ఉన్నవాడి పెరట్లో కట్టడంలోనే వాళ్ల ఉద్దేశం తెలుస్తుంది.

మొదటి డైరెక్టరు ఈవార్ ఎస్కెలాండ్, నార్వే మనిషి. గ్రంథాలయం తలుపు తీసి కూర్చుంటే చాలనుకునే రకం కాదు. ఆ ఇల్లు తెరిచిన 1968లోనే సోవియట్ యూనియన్‌లో పుట్టిన పియానో విద్వాంసుడు వ్లదీమిర్ అష్కెనాజీ రేక్యవిక్‌లో స్థిరపడ్డాడు. ఆయన భార్యది ఐస్‌లాండ్. వీళ్లిద్దరి చొరవతో 1970లో రేక్యవిక్ కళా ఉత్సవం మొదలైంది. శాస్త్రీయ సంగీత కచేరీలతో పాటు ఆ జూన్ 22న లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లండ్ రాక్ బృందం కూడా వచ్చి వాయించి వెళ్లింది. తర్వాత వాళ్లు కట్టిన ఒక ప్రసిద్ధ పాటకు ఆ ప్రయాణమే ప్రేరణ. అమెరికా సీరియళ్ల నుంచి యువతను కాపాడాలన్న ఊళ్లో ఇంగ్లీషు రాక్ మోగడం తమాషాగానే ఉంటుంది. కానీ తలుపు మూయడం ఈ పద్ధతిలో ఎప్పుడూ లేదు. మన వేదిక మీదకు మనమే పిలుచుకోవడం వేరు, పక్కింటి యాంటెన్నా నుంచి వచ్చి పడటం వేరు.

ఆ మరుసటి ఏడు, 1971 ఏప్రిల్ 21న, ఇంకా పెద్ద సందర్భం వచ్చింది. శతాబ్దాలుగా డెన్మార్క్‌లో ఉండిపోయిన ఐస్‌లాండ్ ప్రాచీన తోలు ప్రతుల్లో మొదటి రెంటిని డేనిష్ నౌకాదళ ఓడ రేక్యవిక్ రేవుకు తెచ్చింది. అందులో ఒకటి ఎడ్డా అనే పాతకాలపు పురాణ కవితలున్న 13వ శతాబ్దపు ప్రతి. బడులకు సెలవిచ్చారు. జనం రేవు నిండా చేరారు. టీవీ ప్రత్యక్ష ప్రసారం చేసింది. ఒకప్పటి పాలకదేశం తన దగ్గరున్న తాళపత్రాల వంటి సంపదను ఓడలో పెట్టి వెనక్కి పంపడం ప్రపంచంలో అంత తరచుగా జరగదు. ఆ అప్పగింతలు పూర్తయ్యేసరికి 1997 వచ్చింది.

ఇంత చేసిన ఈ దేశాలు సైనిక కూటమి, ఆర్థిక కూటమి మాత్రం కట్టుకోలేకపోయాయి. 1948-49లో ఉమ్మడి రక్షణ కూటమి కోసం స్వీడన్, డెన్మార్క్, నార్వే మాట్లాడుకున్నాయి. పొసగలేదు. నార్వే, డెన్మార్క్ నాటోలోకి వెళ్లాయి, స్వీడన్ అప్పటికి తటస్థంగా ఉండిపోయింది, ఫిన్లాండ్‌కు సోవియట్ ఒప్పందం మెడ మీద ఉంది. ఉమ్మడి ఆర్థిక కూటమి నోర్డెక్ దాదాపు సంతకాల దాకా వచ్చి, 1970లో ఫిన్లాండ్ వెనక్కి తగ్గడంతో కూలింది. మరుసటి ఏడాదే, 1971 మార్చిలో, ఐదు దేశాలు హెల్సింకీలో సాంస్కృతిక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. సైన్యం కుదరలేదు, సంత కుదరలేదు, మిగిలింది పాట, పుస్తకం, సినిమా. పెద్ద పొత్తు చెడినా పండక్కి రాకపోకలు మానని అన్నదమ్ముల్లా ఉంటుంది వీళ్ల తీరు. చిన్నచూపుతో అనడం లేదు. ఈ దేశాల పార్లమెంటు సభ్యుల ఉమ్మడి వేదిక నార్డిక్ కౌన్సిల్ 1952లో పుట్టింది, 1962లో సాహిత్య బహుమతి, 1965లో సంగీత బహుమతి మొదలయ్యాయి, 1966లో సంస్కృతి నిధి ఏర్పడింది. అంటే పెద్ద పొత్తు చెడే నాటికే ఈ దారి వేసి ఉంది.

రేక్యవిక్ నమూనా తర్వాత ఇతర అంచులకు పాకింది. 1983లో ఫారో దీవుల్లోని టోర్స్‌హావ్న్‌లో గడ్డి కప్పుతో మరో నార్డిక్ హౌస్ వచ్చింది. 1991లో, సోవియట్ యూనియన్ ఇంకా కూలకముందే, ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా రాజధానులు టాలిన్, రీగా, విల్నియస్‌లలో ఐదు ప్రభుత్వాల ఉమ్మడి సంస్థ నార్డిక్ మంత్రిమండలి కార్యాలయాలు తెరిచింది. 1995లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒకటి. భాషా తరగతులు, రచయితల సభలు, సినిమా ప్రదర్శనలు. దౌత్యవేత్తలు చేయలేని పని ఒక్కోసారి సబ్‌టైటిల్స్ చేస్తాయి. కానీ 2015 జనవరిలో రష్యా ప్రభుత్వం ఆ పీటర్స్‌బర్గ్ కార్యాలయాన్ని ‘విదేశీ ఏజెంట్’ జాబితాలో చేర్చింది. దాంతో అక్కడ పని ఆగింది.

సొంత గడ్డ బయట సినిమాల కథ మాత్రం ప్రభుత్వాలతో మొదలు కాలేదు. ఉత్తర జర్మనీ రేవు పట్నం ల్యూబెక్‌లో ఫిల్మ్ క్లబ్ మనుషులు 1956లోనే నార్డిక్ సినిమా రోజులు పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. మన ఊళ్లలో ఫిల్మ్ సొసైటీలు దౌత్య కార్యాలయాల నుంచి రీళ్ల పెట్టెలు తెప్పించుకున్నట్టే అక్కడా ఉత్సాహవంతుల చేతిమీదుగా మొదలైన పని. ప్రభుత్వాలు తర్వాత వెనక నిలబడ్డాయి. స్వీడన్ 1963లో టికెట్ మీద 25 శాతం వినోదపన్ను ఎత్తేసి, దాని బదులు టికెట్ రాబడిలో 10 శాతం కొత్తగా పెట్టిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కు కట్టించింది. ఆ సొమ్ము మంచి సినిమాలకు తిరిగి వెళ్లేది. అప్పటికి కోటిమంది కూడా లేని భాషల్లో సినిమా సొంత మార్కెట్ మీద బతకదన్న లెక్క అది. అందుకే ఆ సినిమాను పరాయి ఊళ్లో ఉచితంగా చూపించడం వాళ్లకు దుబారాగా తోచదు. 1990లో ఉమ్మడి ఫిల్మ్, టీవీ నిధి ఏర్పడింది. నార్డిక్ కౌన్సిల్ సినిమా బహుమతి 2002లో, కౌన్సిల్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, మొదటిసారి ఫిన్లాండ్ దర్శకుడు అకి కౌరిస్మాకికి దక్కింది. 2005 నుంచి ఏటా ఇస్తున్నారు.

జర్మనీ రాజధాని బాన్ నుంచి బెర్లిన్‌కు మారినప్పుడు ఐదు దేశాలూ 1999లో అక్కడ ఒకే ఆవరణలో రాయబార కార్యాలయాలు కట్టుకున్నాయి. ఆకుపచ్చ రాగి పలకల గోడ అన్నిటినీ చుట్టి ఉంటుంది. ఐదు కార్యాలయాలు ఎవరివి వాళ్లవే, ఆరో భవనం మాత్రం అందరిదీ. పేరు ఫెల్లెస్‌హుస్, అంటే ఉమ్మడి ఇల్లు. ప్రదర్శనలు, కచేరీలు, సినిమాలు, ఉపన్యాసాలు జరిగేది అందులోనే. మామూలు జనం లోపలికి వచ్చేదీ దానిలోకే.

లోపల చిక్కులు లేవని కాదు. మొదటిది భాష. డేన్లు, స్వీడన్లు, నార్వేవాళ్లు ఎవరి భాషలో వాళ్లు మాట్లాడినా ఏదోలా నెట్టుకొస్తారు. ఫిన్నిష్ ఆ కుటుంబమే కాదు. ఐస్‌లాండిక్ అదే కుటుంబమైనా మిగతావాళ్లకు అర్థం కాదు. ఐస్‌లాండ్ పిల్లలు బడిలో డేనిష్ నేర్చుకుని వచ్చి ఆ ‘ఉమ్మడి’ సంభాషణలో కూర్చోవాలి. బరువంతా ఒకవైపే ఉన్న సమానత్వం ఇది. కొత్త తరం దాన్ని తనకు తోచినట్టు పరిష్కరించుకుంది: ఫిన్నూ డేనూ ఎదురుపడితే ఇంగ్లీషు. 1964 అర్జీదారులు ఏ భాషను కంచె లోపలే ఉంచమన్నారో ఆ భాష. ఉత్తర కొసన ఉండే ఆదివాసులైన సామీ ప్రజల సంగతి మరీ ఆలస్యం. సాహిత్య బహుమతి మొదలైన దాదాపు ముప్పై ఏళ్లకు, 1991లో, తొలిసారి ఒక సామీ కవికి వచ్చింది. ఆయన నిల్స్-అస్లక్ వాల్కియాపా, తమ సంప్రదాయ ‘యోయిక్’ గానాన్ని వేదికలెక్కించిన గాయకుడు కూడా.

రెండోది డబ్బు. 2019 ఆగస్టులో ఐదు దేశాల ప్రధానులు రేక్యవిక్‌లోనే సమావేశమై, 2030 నాటికి ప్రపంచంలో అత్యంత సుస్థిరమైన, ఒకదానితో ఒకటి బాగా అల్లుకుపోయిన ప్రాంతంగా మారాలని తీర్మానించారు. ఆ తర్వాతి నార్డిక్ మంత్రిమండలి బడ్జెట్లలో పర్యావరణ పనుల కోసం సంస్కృతి, విద్యల వాటాకు కోత పడింది. దేశాలు అల్లుకుపోవాలంటూనే అల్లే దారాన్ని కత్తిరిస్తారా అని నార్డిక్ కౌన్సిల్ సభ్యులు తమ ప్రభుత్వాలతోనే తగువు పడ్డారు. ఆల్టో కట్టిన ఇంటి ఖర్చులకు డబ్బు వచ్చేదీ ఆ బడ్జెట్ నుంచే.