తల్లిచేపను రంగు చూసి ఎంచకండి: అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా చెరువులు వాన నీటి మీదే బతుకుతాయి. పిల్ల వేయడం ఆలస్యమైతే చేప ఎదగకముందే నీరు అడుగంటుతుంది. అందుకే జూన్, జులైలలో చేపపిల్లలను పుట్టించే హేచరీల్లో తల్లిచేపల ఎంపిక తప్పితే ఆ ఏడాది పంట మీదే దెబ్బ.

అపోహ: ఎర్రగా మెరిసే శీలావతి (రోహు) గుడ్లకొచ్చిన ఆడచేప.

వాస్తవం: ఉత్తర పసిఫిక్ తీరపు నదుల్లో సాకై సాల్మన్ అనే చేపకు గుడ్లు పెట్టే వేళకు ఒళ్లంతా ఎర్రబడి, తల ఆకుపచ్చగా మారుతుంది. మన బొచ్చె (కట్ల), శీలావతి, మోసు (మృగాల్) చేపలకు అంతటి మార్పు రాదు. శీలావతి పొలుసుల మీది ఎరుపు ఆడదానికీ ఉంటుంది, మగదానికీ ఉంటుంది. బురద నీటిలో పెరిగిన చేప పాలిపోయి కనిపిస్తుంది. కలుపు ఉన్న తేట నీటిలోదైతే ముదురుగా ఉంటుంది.

చేత్తో తడిమి చూడాల్సిందే. చేపను మెత్తని గుడ్డలో పట్టి, తల మీద తడిగుడ్డ కప్పండి. మొప్ప వెనకున్న రెక్కను పైవైపు వేలితో నిమరండి. ఈ కాలంలో మగదానికి గరుకుగా, ఆడదానికి నున్నగా తగులుతుంది. తర్వాత పొట్టను ముందు నుంచి వెనక్కి తేలిగ్గా నొక్కాలి. సిద్ధంగా ఉన్న మగచేప కొబ్బరిపాలలా చిక్కటి పాలు (వీర్యం) వదులుతుంది. పలచగా నీళ్లలా వస్తే దాన్ని పక్కన పెట్టండి. ఆడదానికి గుడ్లు బయటికొచ్చే రంధ్రం ఉబ్బి గులాబీ రంగులో ఉంటుంది. రంగు చూడాల్సింది అక్కడొక్కచోటే.

అపోహ: పొట్ట పెద్దదైతే గుడ్లు నిండినట్టే.

వాస్తవం: మేత తిన్నా, కొవ్వు పట్టినా పొట్ట ఉబ్బుతుంది. పరీక్షకు ముందురోజు మేత ఆపేయండి. గుడ్ల పొట్ట మెత్తగా, రంధ్రం దాకా ఒకే తీరుగా నిండి ఉంటుంది.

అపోహ: హార్మోన్ ఇంజెక్షన్ డోసు పెంచితే గుడ్లు పండని పచ్చి చేప కూడా గుడ్లు పెడుతుంది.

వాస్తవం: ఇంజెక్షన్ పండిన గుడ్లను బయటికి తెప్పిస్తుంది. పండని గుడ్లను అది పండించలేదు. అలాంటి చేపకు మందు ఎక్కిస్తే గుడ్లు లోపలే అడ్డుపడి, తల్లిచేపే పోవచ్చు. గుడ్లు పెట్టించే హార్మోన్ మందు ఓవాప్రిమ్ అయితే ఆడదానికి కిలో బరువుకు మోసుకు 0.25 నుంచి 0.3 మి.లీ., శీలావతికి 0.3 నుంచి 0.4, బొచ్చెకు 0.4 నుంచి 0.5 సరిపోతుంది. మగవాటికి 0.1 నుంచి 0.2 చాలు. ప్రతి చేపనూ తూచే వేయండి, కంటి అంచనా వద్దు. ఒక ఆడదానికి రెండు మగవి పెట్టండి.

అపోహ: గుడ్ల చేపను చెరువులో వదిలితే అదే పిల్లలు పెడుతుంది.

వాస్తవం: బంగారుతీగ పెడుతుంది, దాని గుడ్లు కలుపుకు అంటుకుంటాయి. బొచ్చె, శీలావతి, మోసులకు వరద పారే నీరు కావాలి. నిలవ నీటిలో అవి పెట్టవు. 1957లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి వీటికి పిట్యూటరీ (మెదడు కింది గ్రంథి) సారం ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించాకే హేచరీ విత్తనానికి దారి పడింది.

అపోహ: మూడు జాతులనూ ఒకే తొట్టిలో వదిలితే పని తేలిక.

వాస్తవం: గుడ్లు, పాలు నీటిలోనే కలుస్తాయి కాబట్టి బొచ్చె, శీలావతి కలిసి సంకరం పుడుతుంది. రైతు బొచ్చె అనుకుని కొన్నది బొచ్చెలా ఎదగదు. అందుకే జాతికో తొట్టి ఉండాలి. కొనేవాళ్లు పిల్లను అరచేతిలో నీటితో పట్టి తోక మొదలు చూడండి. మోసు పిల్లకు అక్కడ నల్లమచ్చ స్పష్టంగా ఉంటుంది. బొచ్చె పిల్లకు మచ్చ ఉండదు, తల పెద్దది. శీలావతి పిల్లను దాని అంచులు చీలినట్టుండే పెదవిని బట్టి గుర్తించవచ్చు.