ఎస్‌డీజీల లెక్క ఎక్కడ తప్పుతోంది? తిరుపతి, చిత్తూరు పంచాయతీల్లో వినిపించే అపోహలు - వాస్తవాలు

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను (ఎస్‌డీజీలు), వాటి కింద 169 ఉపలక్ష్యాలను ఆమోదించింది. గడువు 2030. మన దేశంలో దీన్ని నడిపించే బాధ్యత నీతి ఆయోగ్‌ది. కొలతల పట్టికను కేంద్ర గణాంక శాఖ తయారు చేస్తుంది. 2018లో 306 సూచికలతో మొదలైంది. పల్లెలకు వచ్చేసరికి పంచాయతీరాజ్ శాఖ ఆ 17నూ తొమ్మిది ఇతివృత్తాలుగా కుదించింది. పేదరికం లేని గ్రామం, ఆరోగ్యవంతమైన గ్రామం, నీటి సమృద్ధి గల గ్రామం అంటూ గ్రామ సభలో చదివేది ఆ తొమ్మిదినే. చదివాక వచ్చే ప్రశ్నల్లో తరచూ ఎదురయ్యేవి ఇవి.

అపోహ: ‘ఇది ఐక్యరాజ్యసమితి పథకం, డబ్బులు అక్కడి నుంచి వస్తాయి.’

వాస్తవం: రావు. ఇది పథకమే కాదు. చట్టపరంగా కట్టుబడాల్సిన ఒప్పందమూ కాదు. మన దేశం 2017, 2020, 2025లో అక్కడ సమర్పించిన నివేదికలు కూడా స్వచ్ఛందమైనవే. ఉన్న నిధులనే ఒక గమ్యానికి తిప్పుకోవడం ఇందులోని అసలు వ్యూహం. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటునే తీసుకోండి. పంచాయతీకి 20 లక్షలు వస్తే 6 లక్షలు తాగునీటికి, 6 లక్షలు పారిశుద్ధ్యానికి కట్టుబడి ఉంటాయి. మిగిలిన 8 లక్షలు స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం కాదు. చాలాచోట్ల ఆ 8 లక్షలకూ ముందే సిమెంటు రోడ్డు రాసేసి ఉంటుంది. కట్టుబడిన 12 లక్షలు ఏం చేయాలో తెలియక ఖాతాలోనే పడి ఉంటాయి. లక్ష్యాలకు నేరుగా పనికొచ్చే సొమ్ము ఆ పన్నెండే.

అపోహ: ‘నీతి ఆయోగ్ సూచీలో రాష్ట్రానికి 74 వచ్చింది. అంటే వందలో 74 మందికి అందినట్టు.’

వాస్తవం: ఈ లక్ష్యాల్లో రాష్ట్రాల ప్రగతిని కొలిచే 2023-24 సూచీలో ఆంధ్రప్రదేశ్‌కు 74, దేశానికి 71 వచ్చిన మాట నిజమే. కానీ అది జనాభా శాతం కాదు. అడుగున ఉన్న విలువ నుంచి లక్ష్యం దాకా దారిలో ఎంత దూరం వచ్చామో చెప్పే సంఖ్య. దానికి తోడు అది సగటు. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 70 లోపు ఉండాలన్నది లక్ష్యం; 2018-20 లెక్కల్లో మన రాష్ట్రానిది 45, అంటే గీత దాటేశాం. అదే రాష్ట్రంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతానికి రక్తహీనత. రెంటినీ కలిపి సగటు కడితే ఆ రక్తహీనత కనబడకుండా పోతుంది.

అపోహ: ‘ఇంటింటికీ కొళాయి ఉంది, నీటి లక్ష్యం పూర్తయింది.’

వాస్తవం: మన రెండు జిల్లాల్లో ఎక్కువగా పొరపడేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా. ఇంటింటికీ కొళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్కలో కొళాయి అంటే ఇత్తడి ముక్క కాదు. మనిషికి రోజుకు 55 లీటర్లు, ప్రమాణాలకు తగ్గ నాణ్యతతో, క్రమం తప్పకుండా రావాలి.

2,800 మంది ఉన్న ఊరు అనుకోండి. రోజుకు 1,54,000 లీటర్లు కావాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు 60 వేల లీటర్లదైతే రెండున్నర సార్లకు పైగా నిండాలి. బోరు అంత ఇస్తుందా? మోటారును కనీసం గంట నడిపి, ఆ తర్వాత 15 లీటర్ల బక్కెట్ పెట్టి మూడుసార్లు సెకన్లు లెక్కపెట్టండి. మోటారు వేసిన వెంటనే కొలిస్తే బోరులో నిలిచిన నీళ్లే వస్తాయి, లెక్క ఎక్కువ చూపిస్తుంది. జనవరిలో 7 సెకన్లకు నిండితే గంటకు సుమారు 7,700 లీటర్లు, 20 గంటల పని. మే నెలలో అదే బక్కెట్‌కు 12 సెకన్లు పడితే గంటకు 4,500 లీటర్లే. అప్పుడు ఆ మోటారు రోజుకు 34 గంటలు నడవాలి! ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కేది సాధారణంగా జనవరి లెక్క. పలమనేరు, కుప్పం వైపు వెయ్యి అడుగుల బోర్లున్న ఊళ్లలో ఈ తేడా మీదే ప్రణాళిక నిలబడుతుంది. మే లెక్క రాస్తేనే రెండో బోరో, చెరువు పూడికతీతో, రీచార్జి గుంతలో ప్రణాళికలోకి వస్తాయి.

నాణ్యత సంగతి. ఆ 60 వేల లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 120 గ్రాముల క్లోరిన్ వేయాలనుకుంటే, 33 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ 360 గ్రాములు చాలు. మూతి విప్పి గోడ పక్కన పడేసిన బస్తాలో బలం 20 శాతానికి పడిపోతే 600 గ్రాములు కావాలి. పొడిని నేరుగా ట్యాంకులో వేయొద్దు. బక్కెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక, పైతేట పోయాలి. అరగంట ఆగి నీళ్లు వదలాలి. నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే క్లోరోస్కోప్‌తో చూడాల్సింది ట్యాంకు కింద కాదు, వీధి చివరి కొళాయి దగ్గర. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు రావాలి. ఫ్లోరైడ్ వంటి రసాయన పరీక్ష ఏడాదికి ఒకసారి; సూక్ష్మజీవుల పరీక్ష వానలకు ముందు, తర్వాత.

అపోహ: ‘జిల్లా సర్వే అంకెను పంచాయతీకి వేసుకోవచ్చు.’

వాస్తవం: పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది 2019-21లో, తిరుపతి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. ఆ నివేదికలో ఉన్నది పాత చిత్తూరు. 2022లో వేరే జిల్లాకు వెళ్లిన మదనపల్లె అందులో ఉంది, అప్పుడు నెల్లూరు నుంచి తిరుపతిలో కలిసిన గూడూరు లేదు. పైగా నమూనా సర్వే పల్లె స్థాయికి దిగదు. పంచాయతీకి ఏఎన్‌ఎం రిజిస్టరే దిక్కు.

ఆ రిజిస్టరునూ జాగ్రత్తగా చదవాలి. ఏడాదికి 45 కాన్పులున్న ఊళ్లో 25 మంది మగపిల్లలు, 20 మంది ఆడపిల్లలు పుడితే వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లల నిష్పత్తి 800. మరుసటి ఏడాది 21, 24 పుడితే 1,143. ఊళ్లో మారిందేమీ లేదు. ఐదేళ్లు కలిపి చూడండి.

అపోహ: ‘పచ్చదనం, పరిశుభ్రత అంటే చెత్త ఎత్తేస్తే సరి.’

వాస్తవం: ఎత్తింది షెడ్డులో ఏమవుతుందో చూడాలి. తోతాపురి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల పక్క ఊళ్లకు తొక్కలు బండ్లకొద్దీ వస్తాయి. పచ్చివి పచ్చిగా వర్మీ (వానపాముల ఎరువు) తొట్టిలో పోస్తే వేడికి, పులుపుకు వానపాములు చస్తాయి. పేడ, ఎండుటాకులు కలిపి రెండు మూడు వారాలు కుళ్లనిచ్చి, చల్లారాక వేయాలి. టెంకలు వేరుగా.

అపోహ: ‘తొమ్మిది ఇతివృత్తాలూ ఒకేసారి తీసుకోవాలి.’

వాస్తవం: ఒకటో రెండో సంకల్పంగా తీసుకుంటే చాలు. డ్వాక్రా గ్రామ సంఘం ఇచ్చే పేదరిక నిర్మూలన ప్రణాళిక మాత్రం పంచాయతీ ప్రణాళిక కంటే ముందు రావాలి. అన్నీ పోర్టల్‌లో ఎక్కాక తెచ్చిస్తే ఆ కాగితం ఫైల్లో కూర్చుంటుంది.

అపోహ: ‘మార్కులు తక్కువైతే నిధులు ఆపేస్తారు. అందుకే మంచి అంకెలే వేయాలి.’

వాస్తవం: ఈ తొమ్మిది ఇతివృత్తాలపై పంచాయతీలకు మార్కులిచ్చేది పంచాయతీ పురోగతి సూచీ. 2022-23కు ప్రకటించిన మొదటి సూచీలో 2.16 లక్షల పంచాయతీలను లెక్కిస్తే 90 మార్కులు దాటినది దేశంలో ఒక్కటీ లేదు. మీ ఊరికి 55 వస్తే సిగ్గుపడేదేముంది? సున్నాలతోనే అసలు చిక్కు. ‘బాల్య వివాహాలు: 0’ అని రాసేముందు అంగన్‌వాడీ కార్యకర్తను, హైస్కూల్ హెచ్‌ఎంను అడగండి. ఎనిమిదిలో ఉండి తొమ్మిదికి రాని ఆడపిల్లల పేర్లు హాజరు పట్టీలోనే ఉంటాయి. సున్నా అంటే వెతికాం, లేవు అని. వెతకనప్పుడు ఆ గడిని ఖాళీగా వదిలి, ఎందుకు వదిలారో గ్రామ సభ తీర్మానంలో ఒక వాక్యం రాయండి.