కార్డు అందరికీ కనిపిస్తుంది, లెక్క రిఫరీ పుస్తకంలో ఉంటుంది

2006 జూన్ 22న స్టుట్‌గార్ట్‌లో క్రొయేషియా, ఆస్ట్రేలియా ప్రపంచకప్ ఫుట్‌బాల్ మ్యాచ్. క్రొయేషియా డిఫెండర్ యోసిప్ షిమునిచ్‌కు ఇంగ్లండ్ రిఫరీ గ్రాహమ్ పోల్ 61వ నిమిషంలో ఒకసారి, 90వ నిమిషంలో మరోసారి హెచ్చరికగా పసుపు కార్డు చూపించాడు. రెండో పసుపుకి ఎరుపు తోడవ్వాలి, ఆటగాడు బయటికి వెళ్లాలి. షిమునిచ్ మాత్రం ఆడుతూనే ఉన్నాడు. మూడో పసుపు చూపించాక గానీ ఎరుపు రాలేదు. రెండో హెచ్చరికను పోల్ తన పుస్తకంలో ఆస్ట్రేలియా 3వ నంబరు ఆటగాడు క్రెయిగ్ మూర్ మీద రాసుకున్నాడు. షిమునిచ్‌ది కూడా 3వ నంబరే.

వేలమంది చూస్తుండగా ఇలా ఎలా జరిగింది? అసలు కార్డులు ఎందుకు వచ్చాయో చూస్తే కొంత తెలుస్తుంది.

1966 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో ఇంగ్లండ్, అర్జెంటీనా తలపడ్డాయి. జర్మన్ రిఫరీ రుడాల్ఫ్ క్రైట్లైన్ అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ను బయటికి పొమ్మన్నాడు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. రాటిన్ దుభాషిని పిలవమన్నాడు, చాలాసేపు మైదానం వదల్లేదు. ఇంగ్లండ్ వైపు కూడా గందరగోళమే. చార్ల్‌టన్ సోదరులిద్దరినీ రిఫరీ హెచ్చరించాడని పత్రికల్లో వచ్చాకే బయటపడింది. ఇంగ్లండ్ మేనేజర్ రామ్సే ఫిఫాను వివరణ అడగాల్సి వచ్చింది.

ఆ టోర్నీలో రిఫరీల బాధ్యత చూసిన కెన్ ఆస్టన్‌కు ఈ తంటా కొత్త కాదు. 1962లో శాంటియాగోలో చిలీ, ఇటలీ మ్యాచ్‌కు రిఫరీ ఆయనే. తాను పొమ్మన్న ఇటలీ ఆటగాడు ఫెర్రీని కదలకపోతే పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. 1966లో లండన్‌లో కారు నడుపుతూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆస్టన్‌కు పసుపు, ఎరుపు కార్డుల ఆలోచన తట్టింది. 1970 మెక్సికో ప్రపంచకప్‌లో అవి అమల్లోకి వచ్చాయి. అక్కడ ఎరుపు అవసరమే పడలేదు. ప్రపంచకప్‌లో తొలి ఎరుపు 1974లో చిలీ ఆటగాడు కార్లోస్ కాజెలీకి దక్కింది.

భాష సమస్యను ఆస్టన్ చాలా అందంగా తీర్చాడు. అయితే కార్డు చెప్పేది ఆ క్షణం తీర్పు మాత్రమే. అంతకుముందు ఎవరికి ఎన్ని పడ్డాయన్నది రిఫరీ జేబులోని పుస్తకమే చెప్పాలి. స్టుట్‌గార్ట్‌లో ఇద్దరు సహాయకులు, నాలుగో అధికారి ఉండి కూడా ఎవరూ ఆపలేదంటే తప్పంతా పోల్ ఒక్కడి మీదే వేయడం నాకు న్యాయంగా అనిపించదు. 2014లో చెల్సీ, ఆర్సెనల్ మ్యాచ్‌లో ఒకరు చేసిన తప్పుకి ఇంకొకరు, కీరన్ గిబ్స్, బయటికి పోవాల్సి వచ్చింది. 2018 ప్రపంచకప్ నాటికి వచ్చిన వీడియో రిఫరీ విధానంలో ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు పడితే సరిదిద్దే వీలు పెట్టారు.

ఆ టోర్నీలోనే జపాన్, సెనెగల్ పాయింట్లు, గోల్స్, పరస్పర ఫలితం అన్నింట్లో సమానమయ్యాయి. పసుపు కార్డులు జపాన్‌కు 4, సెనెగల్‌కు 6. ఆ తేడాతోనే సెనెగల్ ఇంటికి వెళ్లిపోయింది.