వీపుకి తెలియనిది పైతాడుకి తెలుస్తుంది

మొదటిసారి క్యాంపింగ్ హ్యామక్ (చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఉయ్యాల) కట్టినప్పుడు నేను దండెం కట్టినట్టే కట్టాను. రెండు చెట్ల మధ్య ఎంత బిగిస్తే అంత గట్టి అనుకున్నాను. ఎక్కి పడుకుంటే హాయిగానే ఉంది. ముఖానికి కాస్త ఎత్తులో, ఈ కొస నుంచి ఆ కొసకి పోయే సన్నటి తాడొకటి ఉంటుంది. ఊసుపోక దాన్ని వేలితో మీటితే తంబురా తీగలా టంగ్‌మంది. బాగుందనుకుని ఇంకో రెండుసార్లు మీటాను కూడా. అది నా మీద ఫిర్యాదు అని అప్పుడు తెలియలేదు.

ఆ తాడునే రిడ్జ్‌లైన్ అంటారు. దాని పొడవు సాధారణంగా గుడ్డ పొడవులో 83 శాతం దాకా ఉంటుంది. అంటే 11 అడుగుల గుడ్డకి 9 అడుగుల పైచిలుకు. గుడ్డ రెండు కొసలూ ఇంతకు మించి దూరం జరగకుండా అది ఆపుతుంది. అందుకే చెట్లు దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా హ్యామక్ లోతు రోజూ ఒకేలా ఉంటుంది. ఆ లోతు ఉంటేనే కాస్త ఏటవాలుగా పడుకుని వీపు చదునుగా ఆనించుకోగలం. (వాన పడకుండా పైన టార్పాలిన్ వేయడానికి కట్టే తాడునీ రిడ్జ్‌లైన్ అనే అంటారు. దాని మీద మనిషి బరువు పడదు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.)

పసిపిల్లలకి కట్టే చీర ఉయ్యాలలో గుడ్డ దూలం నుంచి దాదాపు నిలువుగా వేలాడుతుంది. బిడ్డ 8 కిలోలుంటే దూలం మోసేదీ రమారమి అంతే. దండెం సంగతి వేరు. వదులు దండెం మీద తడి దుప్పటి వేస్తే అది కిందికి జోగుతుంది, అంతే. బిగించిన దండెం మీద అదే దుప్పటి వేస్తే గోడలోని మేకు ఊడి చేతికొస్తుంది. ఎందుకంటే తాడు తన పొడవు వెంటే లాగగలదు. బరువుని మోయాలంటే పైకి లాగాలి. దాదాపు అడ్డంగా ఉన్న తాడు లాగుడులో పైకి పోయే వాటా చాలా తక్కువ. ఆ కొంచెం వాటాతోనే మొత్తం బరువుని ఆపాలంటే తాడులో టెన్షన్ బోలెడంత పెరగాలి.

80 కిలోల మనిషిని తీసుకుందాం. చెట్టుకు కట్టిన తాడు అడ్డగీతకి 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు పడే టెన్షన్ సరిగ్గా 80 కిలోలు. 20 డిగ్రీలకి 117. 10 డిగ్రీలకి 230. 5 డిగ్రీలకి బిగిస్తే దాదాపు 460 కిలోలు. మనిషి అదే, చెట్లు అవే.

రిడ్జ్‌లైన్ కొసల్ని పట్టి ఉంచుతుంది కాబట్టి గుడ్డ మాత్రం దాదాపు 30 డిగ్రీల వాలులోనే ఉంటుంది. బయటి తాళ్లు పక్కకు అదనంగా లాగే బలాన్నంతా రిడ్జ్‌లైనే భరించాలి. బయట వాలు కూడా 30 అయితే దాని మీద పడేది దాదాపు సున్నా. 20 అయితే 40 కిలోలు, 10 అయితే 160కి దగ్గర, 5 అయితే 390 దాకా.

నన్ను బోల్తా కొట్టించింది ఇదే. రిడ్జ్‌లైన్ లేని హ్యామక్‌ని అతిగా బిగిస్తే గుడ్డ అంచులు భుజాలని నొక్కేస్తాయి, నిద్ర పట్టదు, లేచి వదులు చేస్తాం. రిడ్జ్‌లైన్ ఉంటే గుడ్డ ఆకారం చెడదు, వీపుకి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ చెట్ల మీద, ముడుల మీద పడే లాగుడు రవ్వంత కూడా తగ్గదు. తప్పు జరిగిందని చెప్పేది ఆ పైతాడు ఒక్కటే.

మరి దానికి ఏ తాడు వాడాలి? చాలామంది డైనీమా వాడతారు. నెదర్లాండ్స్‌కి చెందిన డీఎస్ఎం కంపెనీలో 1970ల చివర్లో పుట్టిన పాలిథిలిన్ దారం అది. నీళ్ల మీద తేలుతుంది, సాగదు, 3 మిల్లీమీటర్లు కూడా లేని అల్లిక తాడు 700 కిలోల దాకా ఆగుతుంది. దానికీ బలహీనతలున్నాయి. ఒళ్లంతా నునుపు కాబట్టి మామూలు ముడి జారిపోతుంది, ముడి దగ్గర బలం సగానికి కూడా పడిపోవచ్చు. అందుకే కొసని తాడు లోపలికే దూర్చి అల్లుతారు. 150 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది కాబట్టి లాంతరు దగ్గరికి రానివ్వకూడదు. పారాకార్డ్ అనే నైలాన్ తాడు 250 కిలోలకి తెగుతుందని అమ్ముతారు గానీ, తెగేలోపే బాగా సాగుతుంది. సాగే తాడుతో హ్యామక్ లోతు నిలవదు, దాన్ని ఇక్కడ వాడటం నాకు నచ్చదు.

ఆ అంకెలన్నీ కదలకుండా పడుకున్న మనిషివి. ధబీమని కూర్చుంటే ఆ క్షణం టెన్షన్ రెట్టింపు దాటవచ్చు. అందుకే తాడు తెగే బలం ఆ కదలని టెన్షన్‌కి కనీసం ఐదు రెట్లు ఉండేలా చూసుకోవడం మంచిది. బాగా బిగించిన రిడ్జ్‌లైన్ తెగితే మనిషి ఒక్కసారిగా కొన్ని అంగుళాలు కిందికి జారతాడు. ఆ కుదుపు మిగిలినవాటిలో బలహీనమైన ముడినో కొక్కేన్నో వెతుక్కుంటుంది.

చెట్లు దొరక్క మేడ మీద ఇటుక స్తంభాలకి కట్టేవాళ్లని చూస్తే నాకు భయం. స్తంభం పైనుంచి పడే బరువుని మోయగలదు గానీ, పక్కకు లాగితే ఆగలేకపోవచ్చు. అమెరికాలో ఇలా ఇటుక స్తంభం కూలి మీద పడి పిల్లలు చనిపోయారు కూడా. జానెడు మందమైనా ఉన్న పచ్చి చెట్టు నయం. తాడు బెరడుని కోయకుండా కనీసం అంగుళం వెడల్పు పట్టీ చుట్టాలి, పైన ఎండుకొమ్మలు లేవని చూసుకోవాలి.

చెట్ల మధ్య 16 అడుగులుంటే పట్టీలు 6 అడుగుల ఎత్తులో కట్టాలి. అప్పుడు వాలు 30 డిగ్రీలకి దగ్గరగా వస్తుంది, కూర్చునే చోటు నేలకి అడుగున్నర ఎత్తులో ఉంటుంది. పడినా నడుం విరగని ఎత్తు. ఎక్కి పడుకున్నాక రిడ్జ్‌లైన్‌ని రెండు వేళ్లతో పట్టుకుని మెలితిప్పి చూడండి. కాస్త వంగాలి. కర్రలా ఉంటే దిగి వదులు చేయాల్సిందే.

నాది ఇప్పుడు మీటినా మోగదు. రాత్రిపూట కళ్లజోడు దానికే తగిలిస్తాను.