నంబర్ల పొంతన

బ్రూక్లిన్‌లోని సంప్రదాయ యూదుల్లో చాలామంది పెళ్లి మాటలు అనుకోగానే ముందు రెండు నంబర్లు చూసుకుంటారు. అబ్బాయి నంబరు, అమ్మాయి నంబరు ఫోన్లో చెబితే, సంబంధం కుదురుతుందో లేదో అవతలున్న సంస్థవాళ్లు చెప్పేస్తారు. మన జాతకాల పొంతన గుర్తొస్తుంది కానీ, ఇక్కడ చూసేది జన్యువుల్ని.

దీనికంతటికీ మూలం టే-సాక్స్ అనే జబ్బు. 1881లో కంటి డాక్టర్ వారెన్ టే ఒక పసిబిడ్డ కంటి లోపల ఎర్రటి మచ్చ చూశాడు. కొన్నేళ్ల తర్వాత న్యూయార్క్‌లో బెర్నార్డ్ సాక్స్ ఆ జబ్బును వివరించాడు. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది. కొన్ని నెలలకు నేర్చుకున్నవే మర్చిపోతుంది, చూపు పోతుంది, సాధారణంగా ఐదేళ్లలోపే చనిపోతుంది. తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో దాదాపు 30 మందిలో ఒకరు ఈ జన్యువును మోస్తుంటారు. వాళ్లకేమీ కాదు. అలాంటి ఇద్దరు పెళ్లాడితేనే ప్రతి కాన్పులోనూ పాతిక శాతం భయం.

1971లో మైఖేల్ కాబాక్ అనే డాక్టర్ అమెరికాలో యూదులకు రక్తపరీక్షలు మొదలుపెట్టాడు. అయితే గర్భంలో జబ్బు తేలితే అబార్షన్ అన్నదే అప్పటి దారి. మతచట్టమైన హలాఖా దగ్గర చిక్కు వచ్చిపడింది. న్యూయార్క్‌లో రబ్బీ (యూదు మతగురువు) మోషే ఫైన్‌స్టైన్ టే-సాక్స్‌కైనా అబార్షన్ కూడదన్నారు. జెరూసలెంలో రబ్బీ ఎలియెజర్ వాల్డెన్‌బర్గ్ ఏడో నెల దాకా చేయించుకోవచ్చన్నారు. ఇద్దరూ కొమ్ములు తిరిగిన పండితులే, ఎవరి మాట వినాలి?

పైగా పరువు టెన్షన్. పిల్లకు ఆ జన్యువుందని బయటపడితే ఆమె చెల్లెళ్లకూ సంబంధాలు రావు.

రబ్బీ జోసెఫ్ ఎక్‌స్టైన్ ఈ జబ్బుకే నలుగురు బిడ్డల్ని పోగొట్టుకున్నారు. 1980లలో ఆయన స్థాపించిన 'దోర్ యెషోరిమ్' సంస్థ ఆ రెండు చిక్కులకూ ఒకే విరుగుడు పట్టింది. పరీక్షను నిశ్చితార్థానికి ముందుకు జరిపింది, ఫలితాన్ని దాచింది. రక్తమిచ్చినవాళ్లకు నంబరు తప్ప ఏమీ చెప్పరు. ఇద్దరిలోనూ ఒకే లోపం ఉంటేనే వద్దంటారు. నా ఒంట్లో ఏముందో నాకే చెప్పరా అని విమర్శలొచ్చాయి. న్యాయమైన ప్రశ్నే. కానీ నలుగురు ఆడపిల్లలున్న తండ్రికి ఆ గోప్యతే కొండంత అండ.

అప్పటికే పెళ్లయిపోయిన జంటల సంగతేంటి? వాళ్లకు ఐవీఎఫ్ దారి చూపింది. 40 రోజుల్లోపు పిండం 'ఉత్త నీరు' అని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఒక మాటుంది. గర్భసంచి బయట ఉన్న పిండానికి కడుపులోని శిశువు హోదా లేదన్నది చాలామంది రబ్బీల అభిప్రాయం. అందుకే ల్యాబ్‌లో పిండాల్ని పరీక్షించి, జబ్బు లేనిదాన్ని గర్భంలో పెట్టడానికి చాలామంది ఒప్పుకున్నారు.

కొందరికి జబ్బే ఉండదు, లెక్కే కుదరదు. హలాఖా ప్రకారం బహిష్టు మొదలయ్యాక కనీసం ఐదు రోజులు, ఆపై ఏడు శుభ్రమైన రోజులు గడిచి, స్నానవిధి అయ్యేదాకా దంపతులు కలవకూడదు. ఈలోపే అండం విడుదలైతే గర్భం ఎలా వస్తుంది? అలాంటప్పుడు హార్మోన్ మాత్రలతో అండం విడుదలను కాస్త వెనక్కి జరుపుతారు.

ఇలాంటి దంపతుల కోసమే రబ్బీ మెనాకెమ్ బర్‌స్టైన్ జెరూసలెంలో 'పువా' సంస్థ పెట్టారు. ఆ పేరు బైబిల్లో ఒక మంత్రసానిది. నమూనాలు తారుమారైతే బిడ్డ వంశం ఎవరిదన్న ప్రశ్న పుడుతుంది కదా, అందుకే ఈ సంస్థ తరఫున పర్యవేక్షకురాలు ల్యాబ్‌లోనే ఉండి, ప్రతి గొట్టం మీద పేరు సరిచూస్తుంది.